రెండు రోజుల కొలిమి క్యాంపుకు పోతే కత్తి చేసుడు వస్తదా? నేను చూసింది చెప్తున్న

మీరు అడిగింది ఏందంటే, నాందేడ్ జిల్లాల ఒక ఊర్ల శని, ఆదివారం రెండు రోజులు కొలిమి కాడ కత్తి చేసుడు నేర్పిస్తరట, మీరు ఇంతవరకు సుత్తె పట్టలేదు, ఆఫీసుల కూసొని పని చేసేటోళ్ళు, పోతే ఏమన్నా వస్తదా, లేకపోతే నాలుగు ఫోటోలు దిగి వచ్చుడేనా అని. నాది ధర్మాబాద్ పక్కన ఊరు, ఇంట్ల తెలుగు, బజార్ల మరాఠీ. మా కాడ కూడ దసరా పోయినంక ఒక శని ఆదివారం ఇట్లాంటిదే చిన్నగ పెట్టుకుంటం. నేర్పేది మా కమ్మరి కాక, ఇనుము కొనుక్కొచ్చుడు, నూనె డ్రమ్ము చూసుకునుడు, కొత్తోళ్ళ పక్కన నిలబడుడు నా పని. అందుకని కొంచెం పొడుగ్గనే రాస్తున్న, ఓపికతోని చదవండి.

వస్తది. ఆదివారం మాపటికి నాలుగైదు అంగుళాల కూరగాయల కత్తి ఒకటి చేతిల పట్టుకొని ఇంటికి పోతరు, అది టమాటను నలగకుండ కోస్తది, ఏండ్లకేండ్లు పనికొస్తది. అయితే మీరు అసలు నేర్చుకోవాల్సింది సుత్తె కొట్టుడు అనుకుంటున్నరేమో, సుత్తె కొట్టుడు రెండు రోజులల్ల ఎవ్వరికీ రాదు, చేతులు నొస్తయి గంతే. రెండు రోజులల్ల వచ్చేది మంట చూసుడు. ఇనుము ఏ రంగుల ఉన్నప్పుడు కొట్టాలె, ఏ రంగు కాడ ఆపాలె, ఎప్పుడు నూనెల ముంచాలె, ముంచినంక మల్ల ఎంత వేడి చెయ్యాలె, ఇది ఒక్కటి కండ్లకు పట్టిందంటే మిగిలింది ఇంటికాడ మెల్లగ చేసుకోవచ్చు. ఇది వీడియోలల్ల రాదు, ఎందుకంటే ఫోన్ కెమెరా రంగును దాని ఇష్టమొచ్చినట్టు మార్చి చూపిస్తది, అసలు ఎర్రది అండ్ల పసుపుగ కనపడ్తది. పక్కన ఒక కాక నిలబడి "ఇగో ఇప్పుడు, ఇప్పుడు తియ్" అని చెప్తేనే వస్తది.

ముందుగాల ఇనుము సంగతి. కొత్తోళ్ళు చానమంది ఇంటి స్లాబ్ కాడ మిగిలిన సలాక ముక్క పట్టుకొని వస్తరు, దాంతోని కత్తి చేద్దామని. దాంట్ల కార్బన్ తక్కువ, ఎంత కాల్చి ఎంత ముంచినా పదును నిలవదు. మేము వాడేది లారీ కమాన్ పట్టీ (లారీ కింద ఉండే స్ప్రింగు పట్టీ), దాంట్ల సుమారు 0.6% కార్బన్ ఉంటది, కొత్తోళ్ళ చేతికి అది ఓర్చుకుంటది, కొంచెం ఎక్కువ తక్కువ అయినా పలగదు. పాత పట్టీ స్క్రాప్‌ల సస్తగ దొరుకుతది కానీ లోపల కంటికి కనపడని బీటలు ఉంటయి, మనోడు పొద్దంత కొట్టి, సాపు చేసి, ఆఖరికి నూనెల ముంచినంక టింగ్ మని పలుగుతది, అప్పుడు వాని మొఖం చూడలేం. అందుకని కొత్త పట్టీ కొని ముక్కలు కోపిచ్చి పెడ్తం. మీరు పోయే క్యాంపోళ్ళను కూడ అడగండి, ఇనుము ఏంది, కొత్తదా పాతదా అని. ఆ ప్రశ్నకు సక్కగ జవాబు చెప్పలేనోళ్ళ కాడికి పోకపోవుడే మంచిది అంట నేను. ఇంకోటి, జింకు పూత ఉన్న పైపులు, రేకులు కొలిమిల పెట్టనియ్యద్దు, ఆ పొగ పీలిస్తే ఆ రాత్రే చలిజ్వరం వస్తది.

మొదటి రోజు పొద్దుగాల కాక దాగలికి (ఇనుము పెట్టి కొట్టే దిమ్మెకు), సుత్తెలకు, తిత్తి ఉన్న కాలంల తిత్తికి, ఇప్పుడు బ్లోయర్‌కు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడ్తడు. తర్వాత కర్రబొగ్గు అంటిస్తరు. రాక్షసి బొగ్గు కూడ వాడొచ్చు కానీ కొత్తోళ్ళకు కర్రబొగ్గు మంచిది, మంట శుభ్రంగ ఉంటది, లోపలి ముక్క కనపడ్తది. పట్టీ ముక్క పెట్టినంక రంగు మెల్లమెల్లగ ఎక్కుతది, మొదలు మసక ఎరుపు, తర్వాత చెర్రీ ఎరుపు, తర్వాత నారింజ, ఆ నారింజ పసుపుల కలుస్తున్నప్పుడు తీసి కొట్టాలె. ఇంకా ఉంచినమంటే తెల్లగ అయ్యి నిప్పురవ్వలు ఎగురుతయి, రవ్వలు ఎగిరినయంటే ఇనుము కాలిపోతున్నట్టే, ఆ ముక్క ఇగ పనికిరాదు, కోసి పారెయ్యాలె. అటుపక్క మసక ఎరుపుకు దిగినంక కూడ కొడ్తనే ఉంటే లోపల బీటలు వస్తయి. కొత్తోళ్ళు అందరూ ఇక్కడ్నే ఇబ్బంది పడ్తరు, ఇంకొక్క దెబ్బ, ఇంకొక్క దెబ్బ అనుకుంట చల్లబడినదాన్ని కొడ్తనే ఉంటరు. కాక ఏమంటడంటే దెబ్బలు లెక్కపెట్టుకోకు, రంగు చూడు అంటడు. కొడ్తున్నప్పుడు పైనుంచి నల్లటి పొలుసు ఉల్లిపొట్టు లెక్క రాలుతది, దాన్ని ఎప్పటికప్పుడు బ్రష్‌తోని తీసెయ్యకపోతే సుత్తె దెబ్బకు కత్తిలకే దిగి గుంటలు పడ్తయి.

మా కాడికి ఒక ఘిసాడి జంట వస్తరు. ఘిసాడీలంటే ఊరూరు తిరుక్కుంట కొడవండ్లు, గొడ్డండ్లు చేసే లోహార్లు, మీరు మరాఠ్వాడాల రోడ్డు పక్కన చూసే ఉంటరు. ఆమె సమ్మెట కొడ్తది, ఆయన పట్టుకారుతోని ముక్క పట్టుకొని చిన్న సుత్తె కొడ్తడు. ఆ చిన్న సుత్తె ఎక్కడ తాకుతదో ఆమె సమ్మెట సరిగ్గ అక్కడ్నే పడ్తది, నోటితోని ఒక్క మాట ఉండదు. ఆయన సుత్తెను ముక్క మీద గాక ఉట్టి దాగలి మీద టక్ మనిపిస్తే ఆగు అని అర్థం, ఆమె సమ్మెట పైనున్నది పైనే ఆగిపోతది. దుమ్ముల గొంతుకూర్చొని ఆ ఇద్దర్ని చూసిన ఒక ఇంజినీరింగ్ పిల్ల, మొదటి రోజు మధ్యాహ్నం దాక కొలిమి దగ్గరికే రానిది, లేసి పోయి "అక్కా, నాకు ఒకసారి ఇయ్యి" అని అడిగింది. ఆమె ఇచ్చింది, చేతులు ఎక్కడ పెట్టాలె, నడుము ఎట్ల తిప్పాలె అన్నీ పట్టుకొని చూపించింది, కింది చెయ్యి కదలకుండ ఉంచి పై చెయ్యి జారనియ్యాలె అని, భుజంతోని కొడ్తే పది దెబ్బలకు చాలిస్తవ్ అని. ఆ పిల్ల ఆ మధ్యాహ్నం నుంచి పొద్దుమీకేదాక సమ్మెట ఇడవలే. మీరు పోయే కాడ ఇట్లాంటోళ్ళు ఉంటే మాత్రం ఫోన్ జేబుల పెట్టి వాళ్ళ పక్కనే ఉండండి.

ఇగ అసలైన కథ పదును పెట్టుడు, అంటే కాల్చి నూనెల ముంచి ఇనుమును గట్టిపరచుడు. మా కాడ ఇది పొద్దుమీకినంకనే చేస్తం, పగటిపూట చెయ్యం. కారణం ఏందంటే ఎండల ఇనుము రంగు తక్కువ కనపడ్తది, ఇంకా కాలలేదు అనుకొని ఎక్కువ కాలుస్తం, లోపల గింజ, అంటే ఇనుము కట్టిన సన్నటి పలుకు, పెద్దగ అయ్యి కత్తి పెళుసైతది. పాత కమ్మరి కొలుములు చానవరకు చీకటి కొట్టంల ఉండేది కూడ అందుకే. చీకట్ల రంగు సక్కగ కనపడ్తది. దానితోపాటు ఒక అయస్కాంతం తీగెకు కట్టి పెట్టుకుంటం, ఇనుము సుమారు 770 డిగ్రీలు దాటినంక అయస్కాంతానికి అంటదు, అంటుడు ఆగినంక ఇంకొంచెం రంగు ఎక్కనిచ్చి తియ్యాలె. ముంచే ముందల మూడుసార్లు గట్లనే కాల్చి ఉట్టి గాలిల చల్లారనియ్యాలె, సుత్తె దెబ్బలకు లోపల పట్టిన బిగువు పోతది, గింజ సన్నగ అయితది. తొందరల ఇది ఎగ్గొట్టే క్యాంపులు ఉన్నయి, అట్ల చేస్తే నూనెల పడ్డంక కత్తి వంకర పోతది.

ముంచేది నీళ్ళల్ల కాదు. కమాన్ పట్టీని నీళ్ళల్ల ముంచితే చల్లబడే జోరుకు బీట పడ్తది. మేము పల్లినూనె వాడ్తం, 50 డిగ్రీల చుట్టుపక్కల గోరువెచ్చగ చేసి పెట్టుకుంటం, చల్ల నూనె చిక్కగ ఉండి వేడిని తొందరగ గుంజదు. కాలిన ఇంజన్ ఆయిల్ వాడేటోళ్ళు ఉన్నరు, ఆ పొగ మంచిది కాదు, వద్దు. కత్తి మొనను కిందికి చేసి నిలువుగ దించాలె, పక్కలకు ఊపొద్దు, ముందుకు ఎనుకకు కొంచెం కదపొచ్చు. సగం దించి భయపడి ఆపినరనుకోండి, నూనె పైన మంట అంటుకుంటది. అందుకే డ్రమ్ముకు రేకు మూత పక్కన్నే ఉంటది, మంట లేస్తే మూత వెయ్యాలె, పొరపాటున కూడ నీళ్ళు పొయ్యద్దు. ఆ డ్రమ్ము కాడ నేను నిలబడ్త కాబట్టి గట్టిగ చెప్తున్న, మీరు పోయిన కాడ మూత కనపడకపోతే అడగండి, సిగ్గుపడొద్దు.

నూనెలకెళ్ళి తీసినంక ఆకురాయి పట్టి గీస్తరు. ఆకురాయి గీరుకుంట పట్టిందంటే గట్టిపడలేదు, మల్ల కాల్చాలె. జర్రున జారిపోయిందంటే కుదిరింది. ఆ జారుడు చేతికి తెలిసినప్పుడు మనుషుల మొఖాలు చూడాలె, పెద్ద పెద్దోళ్ళు కూడ పక్కోళ్ళను పిలిచి ఇగో నువ్వు గీసి చూడు అంటరు. కానీ అప్పుడు ఆ కత్తి గాజు తీరు ఉంటది, కింద పడితే పలుగుతది. దాన్ని మెత్తబరచాలె. కాక దాన్ని ఒక పక్క తెల్లగ రుద్ది, ఎర్రగ కాల్చిన మందం ఇనుప ముక్క మీద కత్తి వీపును ఆనిస్తడు, వేడి వీపుకెళ్ళి అంచు దిక్కు పాకుతుంటే రంగులు నడుస్తయి, ముందు ఎండుగడ్డి పసుపు, ఎనుక గోధుమ, దానెనుక వంకాయ, దానెనుక నీలం. ఆ పసుపు అంచుకు చేరంగనే నీళ్ళల్ల పెట్టి ఆపుతడు. వీపు నీలంగ, అంచు పసుపుగ ఉండాలె, అప్పుడు అంచు గట్టిగ, వీపు వంగేటట్టు ఉంటది. ఇంట్ల చేసుకునేటోళ్ళకు కేక్ ఓవెన్ చాలు, 200 డిగ్రీల కాడ రెండేసి గంటలు రెండుసార్లు. క్యాంపుల రెండు తీర్లు చూపిస్తే మంచిది, కాక తీరు కంటికి, ఓవెన్ తీరు ఇంటికి.

తర్వాత సాన పట్టుడు, పిడి వేసుడు గురించి ఎక్కువ చెప్ప, అవి చూస్తే తెలుస్తయి. గ్రైండర్ మీద అంచు నీలం ఎక్కితే చేసిన పదును అంత పోయినట్టే కాబట్టి నీళ్ళల్ల ముంచుకుంట పట్టాలె. పిడికి మా దిక్కు నల్లతుమ్మ, దొరికితే జిట్రేగి.

మీరు ఇంకోటి కూడ అడిగిండ్రు, డమాస్కస్, అంటే పైన అలల లెక్క గీతలుండే ఉక్కు కత్తి, చేసుడు నేర్పిస్తరా అని. కొత్తోళ్ళకు రెండు రోజులల్ల నేర్పియ్యలేరు, నేర్పిస్తమంటే నమ్మకండి. ఇప్పుడు బజార్ల డమాస్కస్ పేరుతోని అమ్మేది రెండు తీర్ల ఉక్కు పొరలు కొలిమిల అతికించి మడతలు పెట్టి, ఆఖరున యాసిడ్‌ల ముంచితే గీతలు తేలేది. పాతకాలపు డమాస్కస్ ఖడ్గాల ఉక్కు వేరు, అది మూసల (చిన్న మట్టి గిన్నెల) కరిగించి తీసిన ఉక్కు, దాంట్ల కార్బన్ 1.5% దరిదాపుల ఉంటది, చల్లారేటప్పుడు, తర్వాత తక్కువ వేడి మీద కొట్టేటప్పుడు లోపల్నే వరసలు కట్టి గీతలు వస్తయి. ఆ ఉక్కు చేసిన ఊరు మీ నిజామాబాద్ జిల్లాలనే ఉన్నది, కమ్మర్‌పల్లి మండలం కోనసముద్రం. వాయ్సీ అనే ఇంగ్లీషు డాక్టరు అక్కడికి పోయి చూసి రాసింది 1832ల అచ్చయ్యింది, మిట్పల్లి ఇనుము మూడు పాళ్ళు, కొండాపూర్ ఇనుము రెండు పాళ్ళు కలిపి మూసలల్ల పెట్టి 24 గంటలు కాల్చేటోళ్ళని, ఇస్ఫహాన్ నుంచి ఒక పర్షియా వ్యాపారి ఆ ఉక్కు కోసం వచ్చి అక్కడ్నే ఉన్నడని రాసిండు. 2010ల ఇంగ్లండ్ ఎక్సెటర్ యూనివర్సిటీ, బెంగళూరు నియాస్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు ఉత్తర తెలంగాణ ఊర్లు తిరిగి పాత కొలుముల చిట్టెం (ఇనుము తీసినంక మిగిలే మడ్డి) కుప్పలు సర్వే చేసిండ్రు. అమెరికాల 1990లల్ల జాన్ వెర్‌హోవెన్ అనే మెటలర్జీ ప్రొఫెసర్, ఆల్ఫ్రెడ్ పెండ్రే అనే కమ్మరి ఇద్దరు కూడి ఆ గీతలు మల్ల తెప్పిచ్చిండ్రు, వెనేడియం లాంటి లోహాలు ఉక్కుల చిటికెడంత ఉంటేనే గీతలు సక్కగ వస్తయని తేల్చిండ్రు. ప్రొఫెసరూ కమ్మరీ ఒక్క దాగలి కాడ నిలబడ్డరు, పని అయింది. మన కాడ కూడ గట్లనే జరగాలె అని నాకు మస్తు ఉంటది. శనివారం రాత్రి అన్నాలు తిన్నంక ఈ ముచ్చట పెడ్తే కాక కూడ తన తాత చెప్పిన సంగతులు తీస్తడు, పడుకునే వరకు అర్ధరాత్రి దాటుతది.

ఆ అమెరికాల ఇట్లాంటి కూటాలు ఎన్నో ఏండ్ల నుంచి ఉన్నయి. అక్కడి బ్లేడ్‌స్మిత్ సొసైటీ (కత్తులు చేసే కమ్మర్ల సంఘం) 1976ల పెట్టిండ్రు, వాళ్ళ పరీక్ష ఏందంటే మీరు చేసిన కత్తితోని వేలాడే అంగుళం మందం తాడు ఒక్క వేటుకు తెగాలె, తర్వాత కట్టె దుంగలు నరకాలె, నరికినంక కూడ చేతి మీది వెంట్రుకలు గీకాలె, ఆఖరుకు వైస్‌ల (బిగించి పట్టే సామాన్ల) పెట్టి 90 డిగ్రీలు వంచితే పలగొద్దు. మేము ఆదివారం చివరిలో తాడు కోసుడు, గీకుడు వరకు చేయిపిస్తం, జనుము తాడు కట్టి వరసగ. ఎవని తాడు తెగినా అందరూ కేకలు పెడ్తరు, పొలం పనికి పోయేటోళ్ళు కూడ ఆగి చూస్తరు. వంచే పరీక్ష ఒక కత్తికే చేస్తం, అది కాక తన సొంతది ఇస్తడు.

ఇప్పుడు కొంచెం కోపంతోని రాస్తున్న. పోయినేడు ఒక పట్నం గ్రూపు మా దిక్కు ఇట్లాంటిదే పెట్టింది, పేరు చెప్ప. మనిషికి వేలల్ల ఫీజు తీసుకొని, ఇద్దరు కమ్మరోళ్ళను పిలిచి రెండు రోజులు చెమటలు కక్కేటట్టు పని చేయించి, ఆఖరుకు కూలి లెక్క చేతిల పెట్టి శాలువా కప్పి పంపిండ్రు. స్టేజీ మీద మాట్లాడింది మాత్రం వేరేటోళ్ళు. శాలువాతోని ఇల్లు నడుస్తదా? ట్రాక్టర్లు, రెడీమేడ్ పారలు వచ్చినంక మా ఊర్లల్ల కొలుములు ఒక్కోటి ఆరిపోతున్నయి, ఉన్నోళ్ళ పిల్లలు హైదరాబాద్, పుణె పోతున్నరు, ఇట్లాంటి రెండు రోజుల కూటం ఒక కొలిమికి కొన్ని నెలల ఆదాయం అయ్యే అవకాశం ఉన్నది, దాన్ని కూడ మధ్యల వాళ్ళే తింటే ఎట్ల? అందుకని పైసలు కట్టే ముందు అడగండి, నేర్పే కమ్మరికి ఎంత పోతది, ఆయన పేరు పోస్టర్ మీద ఉన్నదా అని. ఈ ఒక్క ప్రశ్నకు వాళ్ళు ఎట్ల జవాబు చెప్తరో దాన్నిబట్టి క్యాంపు ఎట్లాంటిదో నాకైతే తెలిసిపోతది.

చట్టం సంగతి కూడ చూసుకోండి. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 రూల్స్ ప్రకారం 9 అంగుళాల కంటె పొడుగు లేదా 2 అంగుళాల కంటె వెడల్పు అలుగు ఉన్న కత్తులు ఆయుధాల లెక్కల వస్తయి, ఇంటిపనికి, ఎవుసానికి, ఫ్యాక్టరీ పనికి చేసినయి దాంట్ల రావు. నాందేడ్ గురుద్వారా బజార్ల తల్వార్లు చూసి నేను కూడ ఒకటి చేస్త అనకండి. కూరగాయల కత్తి, కొడవలి, చిన్న గొడ్డలి, వీటితోని నేర్చుకుంటే ఎవ్వరితోని పంచాయితీ ఉండదు. మేము అయితే ముందే పోలీస్ స్టేషన్‌ల ఒక కాగితం ఇచ్చి పెట్టుకుంటం.

గురుద్వారా అంటే గుర్తొచ్చింది, తారీఖులు కుదిరితే దసరా దీపావళి నడుమ మా కాడికి రండి. మరాఠీ వాళ్ళు నవరాత్రుల తొమ్మిదో రోజును ఖండే నవమి అని ఆయుధాలకు, పనిముట్లకు పూజ చేస్తరు, మనోళ్ళు దసరాకు చేస్తరు, దీపావళి ముందల నాందేడ్ గురుద్వారా హజూర్ సాహిబ్‌ల గురు గోబింద్ సింగ్ కాలం నాటి శస్త్రాలు గోదావరి నీళ్ళతోని కడుగుతరు. ఆ రోజులల్ల ఇక్కడ ఏ ఊర్ల చూసినా ఇనుముకు బొట్టు ఉంటది.

రావుడు సులువు, సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ పోయే లైన్ మీద నిజామాబాద్, బాసర దాటినంక ధర్మాబాద్, ఇంకా ముందుకు పోతే నాందేడ్. నూలు బట్టలు వేసుకోండి, నైలాన్ మీద రవ్వ పడితే ఒంటికి అతుకుతది. చెప్పులు వద్దు, తోలు బూట్లు. చున్నీ, గొలుసులు తీసి పెట్టండి. కండ్లద్దాలు వాళ్ళు ఇయ్యకపోతే హార్డ్‌వేర్ షాపుల వంద రూపాయల లోపల దొరుకుతయి, చెవులల్ల పెట్టుకునేదానికి ఇయర్‌ప్లగ్గులు తెచ్చుకోండి. తిండికి ఫికర్ లేదు, జొన్నరొట్టె, ధర్మాబాద్ మిరపకాయల ఠేచా, ఆదివారం మటన్ ఉంటది, మా కాడనైతే. ఇంట్ల మొద్దుబారిన కత్తిపీట గానీ అమ్మమ్మ కాలం నాటి కొడవలి గానీ ఉంటే సంచిల వేసుకొని రండి, కొత్త కత్తి మొదలుపెట్టే ముందు దాన్ని సాన పట్టిపిస్తరు, చేతికి కోణం అక్కడ్నే అలవాటైతది.